లామద్ నుంచి లిమ్మెద్ దాకా: హీబ్రూ చెప్పే టీచరు కావాలంటే

"అమ్మగారూ, హీబ్రూ నేర్చుకున్నా. ఇంక చెప్పొచ్చు గదా?"

ఇట్ల అడుగుతూ ఏడాదికి అయిదారుగురు మా ఇంటికి వస్తారు. పోయిన ఎండాకాలం ప్రొద్దుటూరు నుంచి ఒక పిల్లవాడు వచ్చాడు. బి.డి. అనే క్రైస్తవ వేదాంత డిగ్రీ పూర్తి చేశాడు, హీబ్రూలో మంచి మార్కులు. నేను పలక, సుద్దముక్క చేతికిచ్చి, మా ఎనిమిదేళ్ళ మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టి, "అయిదు నిమిషాల్లో దీనికి బేత్ అక్షరం నేర్పు నాయనా" అన్నాను. అతను మొదలుపెట్టాడు. బేత్ కడుపులో చుక్క ఉంటే 'బ', లేకపోతే 'వ', ఆ చుక్క పేరు దాగెష్, దాగెష్ రెండు రకాలు, మొదటి రకం ఆరు అక్షరాల్లోనే వస్తుంది... రెండో నిమిషానికి పిల్ల లేచి బొరుగుల డబ్బా దగ్గరికి పోయింది. అతనికి హీబ్రూ రాక కాదు. చెప్పడం రాక.

హీబ్రూలో ఈ రెండు పనులకీ ధాతువు ఒక్కటే: లామెద్, మేమ్, దాలెత్. 'లామద్' అంటే నేర్చుకున్నాడు. నడిమి అక్షరాన్ని ఒత్తి 'లిమ్మెద్' అంటే నేర్పాడు. మనకూ అంతే కదా, నేర్చు, నేర్పు. ఆ ఒత్తు ఎట్ల సంపాదించుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా సంగతి రెండు ముక్కల్లో. కడపలో ఒక ఎయిడెడ్ హైస్కూల్లో ఇరవై రెండేళ్ళు తెలుగు పండిట్‌గా పనిచేశాను. మా ఆయన పాస్టరు. నలభై దాటాక బి.డి., ఆ తర్వాత పాత నిబంధనలో దానిపై డిగ్రీ ఎం.టి.హెచ్. చదివాను. ఇప్పుడు ఎర్రముక్కపల్లెలో మా మిద్దె మీది గదిలో శనివారాలు హీబ్రూ చెబుతాను. చెప్పాలనుకునేవాళ్ళకి చెప్పడం కూడా నేర్పుతాను.

ఏ హీబ్రూ?

ముందు ఇది తేల్చుకోండి. బైబిల్లో ఉన్న హీబ్రూ వేరు, ఇప్పుడు ఇజ్రాయెల్లో బస్సులో టికెట్టు అడిగే హీబ్రూ వేరు. అక్షరాలు అవే 22, ధాతువులు చాలావరకు అవే. కానీ క్రియ నడక, వాక్యం కట్టు మారిపోయాయి. నన్నయ భాష చదివినవాడు కడప ఏడు రోడ్ల కూడలిలో బేరం ఎట్ల ఆడతాడో అట్లే ఉంటుంది ఒకటి నేర్చి రెండోది చెప్పబోతే.

మన జిల్లాల్లో నూటికి తొంభైమంది అడిగేది బైబిలు హీబ్రూనే. దానికి దారి వేదాంత కళాశాలల గుండా పోతుంది. సెరాంపూర్ విశ్వవిద్యాలయం కింద బి.డి., ఆపైన పాత నిబంధన ప్రధానంగా రెండేళ్ళ ఎం.టి.హెచ్. ఆ సెరాంపూర్ కాలేజీని విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డ్ 1818లో పెట్టారు. డిగ్రీలిచ్చే అధికారం 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన శాసనం నుంచి వచ్చింది. మనకు దగ్గర్లో చదవాలంటే హైదరాబాదులోని ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ, బెంగుళూరులోని యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ. మా కడపవాళ్ళకి బెంగుళూరు బస్సు రాత్రి ఎక్కితే తెల్లారేసరికి దిగుతాం కాబట్టి చాలామంది అటే మొగ్గుతారు.

ఇప్పటి హీబ్రూ చెప్పాలనుకుంటే ఇక్కడ కుదరదు, బయటికి పోవాల్సిందే. యెరూషలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థులకు 'ఉల్పాన్' పేరుతో గట్టి తరగతులు ఉంటాయి. ఉల్పాన్ అన్న పద్ధతే 1949లో యెరూషలేములో వలస వచ్చినవాళ్ళ కోసం పుట్టింది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని మిడిల్‌బరీ కాలేజీ హీబ్రూ బోధననే విషయంగా తీసుకుని ఎం.ఏ. నడిపింది. అక్కడ వేసవి తరగతుల్లో చేరేటప్పుడు, ఉన్నన్నాళ్ళూ నేర్చుకునే భాష తప్ప వేరే మాట్లాడనని సంతకం పెట్టించుకుంటారు. ఖర్చు ఎంతవుతుందో, ఆ ఏడాది ఏ కోర్సు నడుస్తుందో వాళ్ళ దగ్గరే కనుక్కుని దరఖాస్తు పెట్టండి. ఎవరో చెప్పారని డబ్బు కట్టొద్దు.

చేరే ముందు కాలేజీని అడగాల్సినవి

మేము చేరినప్పుడు ఇవేవీ అడగలేదు. అడగాలని కూడా తెలియదు. నేను చదివిన చోట హీబ్రూ అంటే నల్లబల్ల మీద క్రియారూపాల పట్టిక, కింద దాన్ని బట్టీ కొట్టే మేము. రెండేళ్ళలో ఒక్క అధ్యాయం కూడా మొదటి నుంచి చివరిదాకా గొంతెత్తి చదవలేదు. తరగతికి ఒక్క పాఠమైనా మా చేత చెప్పించలేదు. అందుకని మీరు సిగ్గుపడకుండా అడగండి: ఏ గ్రంథం పూర్తిగా చదివిస్తారు? పైకి చదివిస్తారా, కళ్ళతోనేనా? ఎం.టి.హెచ్. వాళ్ళకి బి.డి. మొదటి ఏడాది పిల్లలకు పాఠం చెప్పే అవకాశం ఇస్తారా? ఇవ్వకపోతే, ఆదివారం సాయంత్రాలు ఏదో ఒక గదిలో మేమే నడుపుకోవడానికి ఒప్పుకుంటారా?

మూడో ప్రశ్నకు అవునన్న కాలేజీ దొరికితే, మిగతా లోపాలు ఏమున్నా చేరిపోండి.

చదివేటప్పుడు రెండు పుస్తకాలు మీ సొంతానికి ఉండాలి. ఒకటి, స్టుట్‌గార్ట్‌లో అచ్చయ్యే హీబ్రూ మూలం. దానికి ఆధారం 1008 నాటి లెనిన్‌గ్రాడ్ రాతప్రతి. రెండోది 1906 నాటి బ్రౌన్, డ్రైవర్, బ్రిగ్స్ నిఘంటువు. అందులో మాటలు ధాతువు కింద ఉంటాయి. ధాతువు పట్టుకోలేనివాడికి మాట దొరకదు, అందుకే అది మంచి వ్యాయామం. ప్రతి బ్యాచిలోనూ ఒకడు, "ఈ బ్రౌన్ మన బ్రౌన్ దొరేనా అమ్మగారూ?" అంటాడు. కాదు. ఆయన వేరే బ్రౌన్. కానీ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన మన సి.పి. బ్రౌన్ కూడా చిన్నతనంలో తండ్రి దగ్గర హీబ్రూ నేర్చుకున్నవాడే. ఆయన పేరుతో ఉన్న గ్రంథాలయం మా ఇంటికి నడిచిపోయేంత దూరం. అంతవరకు మురిసిపోవచ్చు.

ఇంగ్లీషు మీదుగా పోవద్దు

నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే, కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను.

మనకు దొరికే హీబ్రూ వ్యాకరణాలన్నీ ఇంగ్లీషువాళ్ళ కోసం రాసినవి. వాళ్ళకి ఏది కష్టమో అది పేజీలకు పేజీలు ఉంటుంది. మన గురువులు అదే వరసలో మనకు చెప్పారు, మనం అదే వరసలో పిల్లలకు చెబుతున్నాం. కడప నుంచి తిరుపతికి పోవాల్సినవాణ్ణి హైదరాబాదుకు పంపి అక్కడ నుంచి రమ్మన్నట్టు.

చూడండి. యోసేపు అన్నలకు తానెవరో చెప్పే చోట హీబ్రూలో ఉన్నది రెండే మాటలు: 'అనీ యోసెఫ్'. నేను యోసేపుని. నడుమ క్రియ లేదు. ఇంగ్లీషు వ్యాకరణం ఇక్కడ ఒక ప్రకరణం పెట్టి, 'క్రియ లోపించిన వాక్యం' అని భయపెడుతుంది. తెలుగువాడికి ఏం లోపించింది? "ఆయన మా నాయన" అన్నప్పుడు మనకేమైనా తక్కువైందా?

ఏశావు తమ్ముడితో 'యెష్ లీ రావ్' అంటాడు. మాటకు మాట: ఉంది, నాకు, చాలా. నాకు చాలా ఉంది. హీబ్రూలో 'కలిగివుండు' అనే క్రియ లేదని ఇంగ్లీషు పుస్తకం ఆశ్చర్యపోతుంది. మనకూ లేదు, మనమూ "నాకు ఇద్దరు పిల్లలు" అనే అంటాం.

ఆదికాండం మొదటి వాక్యంలో 'ఎత్' అన్న చిన్న మాట రెండుసార్లు వస్తుంది. నేను చదువుకున్నప్పుడు దీనికి 'అనువాదం లేదు, వదిలెయ్యండి' అన్నారు. వదిలెయ్యడమెందుకు? అది మన 'ను'. భూమ్యాకాశములను అన్నప్పటి 'ను'. ఇంకా తమాషా ఏమంటే, ఫలానా అని తెలిసిన వస్తువుకే 'ఎత్' వస్తుంది. మనమూ "పుస్తకం చదివా" అంటే ఏదో ఒకటి, "పుస్తకాన్ని చదివా" అంటే ఫలానాది. ఇది చెప్పిన రోజు ముద్దనూరు నుంచి వచ్చే పాస్టరు బల్ల మీద చెయ్యి కొట్టి, "పదేళ్ళ నుంచి దీని మీద దుమ్ము పట్టించినా గదమ్మా" అన్నాడు. అదే వాక్యంలో ఇంకొకటి కూడా చూపించండి: హీబ్రూలో ఆకాశం ముందు, భూమి వెనక. మన సమాసంలో భూమి ముందుకొచ్చింది. మూలం చదవడం అంటే ఏమిటో పిల్లలకు అర్థమయ్యేది ఇట్లాంటి చోటే.

క్రియల సంగతి. 'బిన్యాన్' అనే ఏడు క్రియా మూసల పేర్లు మొదటి రోజే బల్ల మీద రాస్తే సగంమంది రెండో వారం రారు. నేను ఒక్క ధాతువు తీసుకుంటాను. 'రాఆ' చూశాడు, 'నిర్ఆ' కనపడ్డాడు, 'హెర్ఆ' చూపించాడు. మరొకటి: 'ఆఖల్' తిన్నాడు, 'హెఎఖీల్' తినిపించాడు. మన 'పడు', మన 'ఇంచు' వెనక చేరతాయి, వాళ్ళవి ముందు చేరతాయి. పేర్లు మూడో నెలలో చెబుతాను. అప్పటికి వాటిని వాళ్ళే అడుగుతారు.

అచ్చుల గుర్తులు కూడా అంతే. గుణింతం రాసిన చేతికి హల్లు కింద చుక్కలు పెట్టడం వింత కాదు. హల్లు కింద రెండు చుక్కలుగా పెట్టే 'షెవా' పలకనప్పుడు మన పొల్లే. గట్టి దాగెష్ అంటే ద్విత్వం, మన 'అక్క'లో ఉన్నట్టు. ఒత్తు ఉన్నదానికీ లేనిదానికీ తేడా ఇంగ్లీషు చెవికి వినపడదు. మన చంటిపిల్లకు కూడా 'అటు'కీ 'అట్టు'కీ తేడా తెలుసు.

అట్లని అన్నీ మనకు కలిసొస్తాయని చెప్పి మోసం చెయ్యకండి. ఏశావు కూడు తిన్న చోట వరసగా అయిదు క్రియలు: తిన్నాడు, తాగాడు, లేచాడు, పోయాడు, జ్యేష్ఠత్వాన్ని చులకన చేశాడు. మన నోటికి "తిని, తాగి, లేచి పోయాడు" అని వచ్చేస్తుంది, తెలుగుకు అదే అందం. హీబ్రూలో మాత్రం ప్రతిదీ సమాపక క్రియ, అయిదు గడపలు అయిదుసార్లు దాటినట్టు. విద్యార్థి ముందు ముక్కకు ముక్క చెప్పాలి, తర్వాతే తెలుగు చెయ్యాలి. ఇంకా, మగవాణ్ణి 'అత్తా', ఆడమనిషిని 'అత్' అనాలి. మన 'నువ్వు' ఇద్దరికీ ఒకటే కాబట్టి ఇక్కడ తప్పులు తప్పవు. లెక్కలయితే మరీ. ముగ్గురు కొడుకులకు 'షెలోషా', ముగ్గురు కూతుళ్ళకు 'షాలోష్'. ఆడ రూపంలా కనపడేది మగవాళ్ళకు పోతుంది. దీనికి అడ్డదారి లేదు. మూడు, ముగ్గురు అనే తేడా మనకూ ఉంది కదా అని ధైర్యం చెప్పి, రోజూ గదిలో ఉన్నవాళ్ళను లెక్కపెట్టించండి.

చెప్పడం నేర్చుకునే పద్ధతి

బి.ఎడ్. గాని, మాలాగా పండిట్ ట్రైనింగ్ గాని చేసినవాళ్ళకు మైక్రో టీచింగ్ గుర్తుంటుంది. అయిదారు నిమిషాలు, ఒకే ఒక్క నైపుణ్యం, ఎదురుగా నలుగురు తోటి విద్యార్థులు, వెనక రాసుకునే ఒకరు. అప్పట్లో నవ్వుకున్నాం. హీబ్రూ చెప్పడానికి నాకు పనికొచ్చింది మాత్రం అదే. మీరు చేరిన చోట లేకపోతే ముగ్గురు కలిసి పెట్టుకోండి. వారానికి ఒకసారి, ఒకరు చెప్పడం, ఒకరు నేర్చుకునేవాడిలా కూర్చోవడం, ఒకరు రాయడం. రాసేవాళ్ళు 'బాగుంది' అని రాయకూడదు. టీచరు ఎన్ని నిమిషాలు మాట్లాడింది, విద్యార్థి నోటి నుంచి ఎన్ని హీబ్రూ మాటలు వచ్చాయి, ఈ రెండే రాయాలి. మా ప్రొద్దుటూరు పిల్లవాడి మొదటి పాఠంలో రెండో లెక్క సున్నా.

మొదటి పది పాఠాలకు లెసన్ ప్లాన్ చేత్తో రాయండి. నాది ఎట్ల ఉంటుందో చెబుతాను, నచ్చితే తీసుకోండి.

మొదటి రోజు అక్షరమాల రాయించను. తెలుగు బైబిలు తెరిచి 119వ కీర్తన తీయమంటాను. 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు, ఒక్కోదాని మీద ఆలెఫ్, బేత్, గీమెల్ అని తెలుగులోనే అచ్చయి ఉంటుంది. చిన్నప్పటి నుంచి చూస్తూ దాటేసిన మాటలు. అవి అక్షరాల పేర్లని తెలిసేసరికి గదిలో ఒక కదలిక వస్తుంది. తర్వాత చర్చి బోర్డులు. బేతేలు: 'బేత్' ఇల్లు, 'ఏల్' దేవుడు. ఎబెనెజరు: 'ఎవెన్' రాయి, 'ఎజెర్' సాయం. ఆ తర్వాత వాళ్ళ పేర్లు. ఇమ్మానుయేలు, బెన్యామీను, దానియేలు. గదిలో కనీసం ఒక రాహేలు, ఒక దెబోరా ఉంటారు. నీ పేరుకు ఆడ గొర్రె అని, నీ పేరుకు తేనెటీగ అని అర్థం అంటే ఇద్దరూ మూతి ముడుస్తారు, మిగతావాళ్ళు ఆ రెండు మాటలూ జన్మలో మరచిపోరు.

రెండో రోజు రాళ్ళు. మా కడపలో నాపరాళ్ళకు కొదవా! పెద్ద ముక్క ఒకటి, చిన్నది ఒకటి. 'ఎవెన్ గెదోలా', 'ఎవెన్ కెటన్నా'. ఎవెన్ చివర ఆడగుర్తు ఏమీ లేదు, అయినా విశేషణం ఆడరూపంలో వచ్చింది. నియమం చెప్పకుండానే చెవికి ఎక్కుతుంది. అక్షరాలు కూడా బండ మీద సుద్దతో రాయిస్తాను. కుడి నుంచి ఎడమకు రాస్తుంటే పెన్ను పట్టినవాళ్ళకి చెయ్యి తడి సిరా మీద పాకి నోటుబుక్కంతా మరకలు. పెన్సిలు మేలు. ఒక బ్యాచిలో పులివెందుల అమ్మాయి ఎడమచేతివాటం. "రాసేటప్పుడు ఎవ్వరూ తిట్టని మొదటి క్లాసు ఇదే మేడం" అంది.

తరగతిలో ఏ భాష మాట్లాడాలన్నది పెద్ద గొడవ. 1881లో యెరూషలేముకు వచ్చిన ఎలియెజెర్ బెన్ యెహూదా హీబ్రూని హీబ్రూలోనే చెప్పాలని పట్టుబట్టాడు. ఇంట్లో కొడుకుతో కూడా వేరే మాట ఆడలేదు. అక్కడి ఉపాధ్యాయులు 1903లో సంఘం పెట్టుకున్నారు. 1913లో హైఫా సాంకేతిక విద్యాలయంలో జర్మన్‌లో పాఠాలు చెప్పాలన్నందుకు టీచర్లు, పిల్లలు బడులు వదిలి బయటికొచ్చారు. ఆ గొడవలోనే డేవిడ్ యెలిన్ యెరూషలేములో హీబ్రూలోనే నడిచే ఉపాధ్యాయ శిక్షణాలయం మొదలుపెట్టాడు. చచ్చిపోయిందనుకున్న భాష బతికింది పండితుల వల్ల కంటే బడిపంతుళ్ళ వల్లే అని నా నమ్మకం. నేనూ పంతులమ్మనే కాబట్టి కొంచెం పక్షపాతం ఉండొచ్చు.

కానీ వారానికి ఒక్కసారి, అదీ శనివారం పొద్దంతా ఇళ్ళు తిరిగి అలసిపోయి వచ్చిన పాస్టర్ల ముందు అంతా హీబ్రూలో నడవదు. ప్రయత్నించి చూశాను. రెండు వారాలకు పద్నాలుగుమందిలో అయిదుగురు తగ్గారు. ఇప్పుడు నా పద్ధతి: ఆజ్ఞలు హీబ్రూలో, వ్యాకరణం తెలుగులో. 'షిమ్ఊ' వినండి, 'కిర్ఊ' చదవండి, 'కిత్వూ' రాయండి. 'హల్లెలూ యాహ్'లోని 'హల్లెలూ' ఇట్లాంటిదే, స్తుతించండి అని పదిమందికి చెప్పే ఆజ్ఞ. ఇంగ్లీషు మాత్రం గడప బయటే.

మాటల వరస కూడా ముందే వేసుకోండి. బైబిల్లో యాభైసార్లకు మించి వచ్చే మాటలు ఆరేడు వందలే. అవి ముందు. చదవడానికి మొదట యోనా, నాలుగు అధ్యాయాలు, 48 వచనాలు. తర్వాత రూతు. టీచరు కావాలనుకునేవాళ్ళు యోనాని నెల రోజులు రోజూ పొద్దున పైకి చదవాలి, అది తప్పదు. తడబడుతూ చదివే టీచరును పిల్లలు క్షమిస్తారు గాని అనుసరిస్తారు కూడా. తడబాటు అందరికీ అంటుకుంటుంది.

ఉచ్చారణకు వీధిలోకి పోండి

ౘాదె అక్షరాన్ని ఇంగ్లీషులో రెండక్షరాలు కలిపి చెబుతారు. మీరు 'ౘాప', 'ౘుక్క' అనండి చాలు, మన పాత దంత్య చకారమే అది. ఖేత్, అయిన్ మాత్రం మన గొంతులో లేవు. నాకు వాటిని నేర్పింది మా పక్క వీధిలో అరబ్బీ చెప్పే ఒక పెద్దాయన. "టీచరమ్మా, దగ్గు వచ్చే ముందు గొంతులో ఒక చోట ఆగుతాది చూడు, ఆడి నుంచి రావల్ల" అని నెల రోజులు సాధన చేయించాడు. ఇప్పటి ఇజ్రాయెల్లో చాలామంది అయిన్‌ని పలకరు, యెమెన్ యూదులు నిలుపుకున్నారు. పలకండి, పలకకపోండి, ఏదో ఒకటి ఎంచుకుని మార్చకుండా ఉండండి. నేను పలకమంటాను, ఎందుకంటే ఆలెఫ్‌తో 'అత్తా' అంటే నువ్వు, అయిన్‌తో 'అత్తా' అంటే ఇప్పుడు. మూడో అత్త ఇంట్లో ఉంటుందని ప్రతి బ్యాచిలో ఎవడో ఒకడు అంటాడు. అననివ్వండి.

ఆ పెద్దాయన పుణ్యాన ఇంకొకటి దొరికింది. కడపలో మనం రోజూ వాడే ఉర్దూ మాటలు చాలా అరబ్బీవి, అరబ్బీ హీబ్రూకి చెల్లెలు. సలాం, షాలోమ్. హకీము అంటే వైద్యుడు, 'ఖాఖామ్' అంటే జ్ఞాని. హిసాబు లెక్క, 'ఖెష్బోన్' కూడా లెక్కే. కితాబులో ఉన్న మూడు హల్లులే 'కాతవ్' రాశాడు అన్నదాంట్లో ఉన్నాయి. మన తారీఖునయితే ఇప్పటి హీబ్రూ అరబ్బీ నుంచి అప్పు తెచ్చుకుని 'తఆరీఖ్' అంటుంది. ధాతువు అంటే మూడు హల్లుల ఎముకలగూడు అని చెప్పడానికి నాకు ఇంతకంటే సులువైన దారి దొరకలేదు.

ప్రశ్నపత్రం, ప్రసంగం

మొదటి పరీక్షకు ప్రశ్నపత్రం ఒక డి.టి.పి. షాపులో కొట్టించాను. చూసుకోకుండా జిరాక్సులు తీయించాను. హీబ్రూ మాటలన్నీ ఎడమ నుంచి కుడికి తిరగబడ్డాయి. షాలోమ్ కాస్తా మోలాష్ అయింది. తొమ్మిదిమందిలో ఏడుగురు ఆ తిరగబడ్డ మాటలకే ధాతువులు కనిపెట్టి అర్థాలు కూడా రాశారు. ఒక్కతే చెయ్యెత్తి, "అమ్మగారూ, చివరి మేమ్ మాట మొదట్లో ఎట్లొస్తాది?" అంది. మాట చివర రూపం మార్చుకునే అక్షరాలు అయిదున్నాయి: కాఫ్, మేమ్, నూన్, పే, ౘాదె. ఆ సంగతి ఎవరి బుర్రలోకి నిజంగా ఎక్కిందో ఆ రోజు తెలిసింది. ఇప్పుడు యూనికోడ్ హీబ్రూ కీబోర్డుతో నేనే కొడతాను, పి.డి.ఎఫ్. చేసి మాత్రమే షాపుకిస్తాను. అప్పుడప్పుడు కావాలనే ఒక మాట తిప్పి ఇస్తాను.

మీ దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఒక ఆశ ఉంటుంది: ఆదివారం పీఠమెక్కి "మూలభాషలో దీనర్థం ఏమిటంటే" అనాలని. అక్కడ టీచరు గట్టిగా ఉండాలి. రొట్టె 'లెఖెమ్', యుద్ధం 'మిల్ఖామా', రెండింటికీ హల్లులు అవే. ఒకాయన దీని మీద ముప్పావు గంట ప్రసంగం చేశాడు, రొట్టె కోసమే యుద్ధమని. నేను క్లాసులో అడిగాను: "కాలు కాలింది అంటాం. ఈ రెండు కాలుల మీద ఒక ప్రసంగం చెయ్యండి చూద్దాం." నవ్వారు, మానుకున్నారు, కొందరు.

దేవుని నాలుగక్షరాల పేరు దగ్గర తొందరపడొద్దు. యూదులు ఆ పేరు పైకి అనకుండా 'అదొనాయ్' అని చదువుతారు. లేఖికులు ఆ నాలుగు హల్లుల మీద అదొనాయ్ అచ్చుల గుర్తులు పెట్టారు, రెండూ కలిపి చదివితే వచ్చిన రూపమే మన యెహోవా. ఇది చెబితే "అంటే మన బైబిలు తప్పా?" అని కోపం వస్తుంది. తప్పొప్పుల మాట ఎత్తకుండా, రాసింది ఒకటి, చదివేది ఒకటి అయిన చోట్లు ఇంకా ఉన్నాయని రెండు మూడు చూపించి, ఆ తర్వాతే దీనికి రండి.

జీతం సంగతి. ప్రభుత్వ బడుల్లో హీబ్రూ పోస్టు లేదు. బైబిలు కాలేజీలు, సంఘాల సాయంత్రం తరగతులు, బైబిలు అనువాద పనులు, ఇంతే. నేను పెన్షన్ మీద బతుకుతున్నాను. మీరు ఇంకో పని చేతిలో ఉంచుకుని దిగండి.

ప్రొద్దుటూరు పిల్లవాడు ఆ ఎండాకాలం ఏడు శనివారాలు వచ్చాడు. ఏడోసారి మళ్ళీ పలక ఇచ్చి మనవరాలిని కూర్చోబెట్టాను. ఈసారి అతను దాగెష్ జోలికి పోలేదు. ఒక ఇల్లు గీశాడు, నేల, ఒక గోడ, కప్పు. "ఇది ఇల్లు. దీని పేరు బేత్. అను." అంది. "ఈ ఇంట్లో ఎవరున్నారు?" అంటే నాయనమ్మ, పిల్లి అని చెప్పింది. అంతలో దానికి అనుమానం వచ్చింది. ఎడమపక్క అంతా ఖాళీ.

"తలుపేది?"

"తలుపు రెండక్షరాల తర్వాత వస్తాది. దాని పేరు దాలెత్."

"అయితే ఇప్పుడే రాయి. పిల్లి బయటికి పోతాది" అని పలక అతని ముందుకు తోసింది.